సీ భాషలో కండిషనల్ కంపైలేషన్: మాక్రో విలువలతో షరతులు

సీ భాషలో రాసిన ఒకే సోర్సు ఫైలులోంచి అవసరాన్ని బట్టి కొన్ని వరుసలను మాత్రమే కంపైలర్ దాకా పోనిచ్చి, మిగతావాటిని మధ్యలోనే ఆపేసే పద్ధతిని కండిషనల్ కంపైలేషన్ అంటారు. ఏ వరుస పోవాలో, ఏది ఆగాలో తేల్చేది ప్రీప్రాసెసర్. దానికి ఆధారం మాక్రోలు. ఫలానా మాక్రో ఉందా, లేదా అని అడగడం ఒక రకం షరతు. ఉన్న మాక్రో విలువ ఎంత అని అడగడం రెండో రకం. ఈ వ్యాసం ముఖ్యంగా రెండో రకం గురించి. మామూలు ఇఫ్ వాక్యంలో రెండు కొమ్మలనూ కంపైలర్ చదువుతుంది, తప్పులుంటే చెబుతుంది. ప్రీప్రాసెసర్ షరతులో ఓడిపోయిన కొమ్మను కంపైలర్ చూడనే చూడదు. అందులో ఈ కంప్యూటర్‌లో లేని ఫంక్షన్లను పిలిచినా, వ్యాకరణం తప్పినా అడిగేవాళ్లుండరు. ఈ సౌకర్యం కోసమే దీన్ని పెట్టారు. చిక్కులు కూడా చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి.

ఇక్కడి కోడు ముక్కల్లో ఆదేశాలను సైతం తెలుగు లిపిలోనే చూపించాం. కంపైలర్‌కు ఇచ్చేటప్పుడు హ్యాష్ గుర్తు తర్వాతి ఆదేశ పదాలను రోమన్ అక్షరాల్లో కొట్టాల్సిందే. మాక్రోల పేర్లు మాత్రం తెలుగులో ఉండొచ్చు. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

గద్వాల బండి నంబరు

విలువ మీద నడిచే షరతుకు పాలమూరు జిల్లాల వాహనాల నంబర్లు మంచి ఉదాహరణ. ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్ జిల్లా మొత్తానికి ఏపీ 22. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక అదే జిల్లా టీఎస్ 06 అయింది. 2016 అక్టోబరు 11న జిల్లా విడిపోయింది. నాగర్‌కర్నూల్‌కు టీఎస్ 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33 వచ్చాయి. 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. అంటే గద్వాలలో ఉన్న మనిషి ఊరు కదలకుండానే, బండి కొన్న నెలను బట్టి నాలుగు రకాల నంబరు ప్లేట్లలో ఏదో ఒకటి పొందాడు. ఏడాదిని, నెలను కలిపి ఒకే అంకెగా రాసి, దాన్ని ‘నెల’ అనే మాక్రోలో పెడదాం.

#ఇఫ్ నెల >= 202403
  #డిఫైన్ ముందక్షరాలు "టీజీ"
#ఎలిఫ్ నెల >= 201406
  #డిఫైన్ ముందక్షరాలు "టీఎస్"
#ఎల్స్
  #డిఫైన్ ముందక్షరాలు "ఏపీ"
#ఎండిఫ్

పెద్ద విలువను ముందు అడగడం తప్పనిసరి. 201406 షరతును పైన పెడితే 2024 తర్వాతి నెలలు కూడా అక్కడే నెగ్గుతాయి, టీజీ కొమ్మకు వంతే రాదు. మొదట నెగ్గిన కొమ్మ ఒక్కటే మిగులుతుంది, కింద ఉన్నవి నిజమైనా కాకపోయినా పోతాయి. నెల విలువను ఫైలులోనే రాయనక్కర్లేదు. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లకు మైనస్ డీ అనే ఆప్షనుతో బయటి నుంచి ఇవ్వొచ్చు. ఒకసారి కంపైలయ్యాక మాత్రం ఆ నిర్ణయం ఖాయం. టీఎస్‌తో రిజిస్టరయిన పాత బండి టీజీ వచ్చాక కూడా టీఎస్‌గానే తిరుగుతున్నట్టు, 2016 విలువతో తయారైన ప్రోగ్రాము మళ్లీ కంపైల్ చేసేదాకా అలాగే ఉంటుంది.

ఏడాది, నెల కలిపిన ఈ అంకె మనం కల్పించుకున్న పద్ధతి కాదు. సీ ప్రమాణం తన వెర్షన్‌ను ఇలాగే చెబుతుంది. ఎస్టీడీసీ వెర్షన్ అనే ముందే నిర్వచించిన మాక్రో విలువ సీ 99లో 199901, సీ 11లో 201112, సీ 17లో 201710, సీ 23లో 202311. ఒక్కో అంకె చివర లాంగ్ రకాన్ని సూచించే ఎల్ అక్షరం ఉంటుంది. కొత్త సదుపాయం వాడాలనుకునే హెడర్ ఫైలు ఈ విలువను పోల్చి చూసి, కంపైలర్ పాతదైతే పాత దారి పడుతుంది.

జిల్లా కోడు రాసేటప్పుడు ఇంకో చిన్న గుంట ఉంది. సీ భాషలో సున్నాతో మొదలైన అంకెను ఆక్టల్‌గా చదువుతారు. మహబూబ్‌నగర్ 06ను ఉన్నదున్నట్టు రాసినా ఇబ్బంది లేదు, ఆక్టల్‌లోనూ అది ఆరే. మేడ్చల్ 08, హైదరాబాద్ 09 దగ్గర మాత్రం కంపైలర్ ఆగిపోతుంది, ఎందుకంటే ఆక్టల్‌లో ఎనిమిది, తొమ్మిది అంకెలే లేవు. ఆగిపోవడం మన అదృష్టమే. నోరెత్తకుండా తప్పు విలువ తీసుకునే సందర్భాలే ప్రమాదకరం.

తెలియని పేరు సున్నా

అలాంటి సందర్భాల్లో అన్నిటికంటే పేరుపడ్డది ఇది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాదాపు అందరూ ఒకసారైనా ఇలా రాస్తారు:

#డిఫైన్ జిల్లా వనపర్తి

#ఇఫ్ జిల్లా == గద్వాల
  #డిఫైన్ కోడు 33
#ఎలిఫ్ జిల్లా == వనపర్తి
  #డిఫైన్ కోడు 32
#ఎండిఫ్

చూడ్డానికి నిక్షేపంగా ఉంది. కంపైల్ కూడా అవుతుంది, ఏ తప్పూ చూపదు. కోడు మాత్రం 33 వస్తుంది. వనపర్తి అని రాసినా, నాగర్‌కర్నూల్ అని రాసినా, అసలు జిల్లా కాని పేరేదైనా రాసినా గద్వాలే వస్తుంది. ప్రీప్రాసెసర్ పని చేసే తీరు తెలిస్తే ఇందులో వింతేమీ లేదు. అది ముందుగా ‘జిల్లా’ను ‘వనపర్తి’గా మారుస్తుంది. ఆ తర్వాత ‘వనపర్తి’ అనే మాక్రో ఉందా అని వెతుకుతుంది, దొరకదు. ‘గద్వాల’ కూడా దొరకదు. మాక్రోలన్నీ విప్పేశాక ఇంకా మిగిలిన ప్రతి పేరునూ సున్నాగా లెక్కించాలని ప్రమాణం చెబుతోంది. కాబట్టి షరతు చివరికి ‘0 == 0’ అవుతుంది. అది నిజం, మొదటి కొమ్మ నెగ్గుతుంది. ప్రీప్రాసెసర్ ఇక్కడ పేర్లను పోల్చలేదు, రెండు సున్నాలను పోల్చింది.

దీనికి మందు పేర్లకు విలువలివ్వడమే. అవి సున్నా కాకూడదు, ఒకదానితో ఒకటి కలవకూడదు. మన దగ్గర రవాణా శాఖ ఇచ్చిన అంకెలు సిద్ధంగానే ఉన్నాయి:

#డిఫైన్ నాగర్_కర్నూల్ 31
#డిఫైన్ వనపర్తి 32
#డిఫైన్ గద్వాల 33

#ఇఫ్ జిల్లా == గద్వాల
  ...
#ఎలిఫ్ జిల్లా == వనపర్తి
  ...
#ఎలిఫ్ జిల్లా == నాగర్_కర్నూల్
  ...
#ఎల్స్
  #ఎర్రర్ ఈ జిల్లా జాబితాలో లేదు
#ఎండిఫ్

ఇప్పుడు మొదటి షరతు ‘32 == 33’గా తేలి ఓడిపోతుంది, రెండోది నెగ్గుతుంది. చివర్లో ఎర్రర్ ఆదేశం అలంకారానికి పెట్టింది కాదు. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా విడిగా జిల్లా అయి 38 కోడు తెచ్చుకుంది. చివరి ఎల్స్ కొమ్మలో ‘మిగిలినవన్నీ మహబూబ్‌నగరే’ అని రాసుకున్న కోడు ఆ రోజు నుంచి నారాయణపేటను మహబూబ్‌నగర్‌గా చూపిస్తూ ఉంటుంది. ఎర్రర్ పెట్టుకున్న కోడైతే కంపైల్ కాక మొరాయిస్తుంది, మనిషి వెళ్లి చూసి కొత్త వరుస చేరుస్తాడు. జిల్లా అన్న మాక్రోనే ఎవరూ ఇవ్వకపోతే అది సున్నా అవుతుంది. పై అంకెల్లో దేనికీ సున్నా లేదు కాబట్టి అప్పుడు కూడా ఎర్రరే వస్తుంది. లెక్క సున్నా నుంచి మొదలుపెట్టడం సీ ప్రోగ్రామర్ల అలవాటు. ఇక్కడ మాత్రం ఆ అలవాటు మానుకోవాలి.

పేర్లకు ఈనమ్ ద్వారా విలువలిచ్చినా ఇదే కథ. ఈనమ్ కంపైలర్‌కు తెలిసిన వస్తువు. ప్రీప్రాసెసర్ దానికంటే ముందే పని ముగించుకుని పోతుంది, దానికి అది కూడా తెలియని పేరే, అంటే సున్నాయే. సీ ప్రమాణం అనువాదాన్ని ఎనిమిది దశలుగా విడదీస్తుంది. ప్రీప్రాసెసింగ్ ఆదేశాలు నాలుగో దశలో అమలవుతాయి, వాక్య నిర్మాణమూ రకాల పరిశీలనా ఏడో దశలో. ఒక రకం ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్‌ను ఇఫ్ ఆదేశంలో వాడలేకపోవడానికీ ఇదే కారణం. ‘గద్వాల’ అని కొటేషన్లలో పెట్టి స్ట్రింగులుగా పోలుద్దామంటే అదీ కుదరదు, ఇఫ్ ఆదేశానికి పూర్ణాంకాలు, ఒంటి అక్షరాల స్థిరాంకాలు తప్ప మరేవీ పనికిరావు. ఆ పూర్ణాంకాలనూ సీ 99 నుంచి ఆ కంపైలర్ దగ్గరున్న అతి పెద్ద పూర్ణాంక రకంలోనే లెక్కిస్తారు.

సున్నా నియమం పనికిమాలినదేమీ కాదు. 1989 నాటి కంపైలర్‌కు వెర్షన్ మాక్రో అంటే ఏమిటో తెలియదు. అది సున్నా అయి, ‘0 >= 199901’ ఓడిపోయి, పాత దారి దానంతటదే నెగ్గుతుంది. వచ్చిన ఇబ్బందల్లా అక్షరం తప్పు రాసినప్పుడు కూడా అంతే మౌనంగా ఉండడం. జీసీసీలో డబ్ల్యూ అన్‌డెఫ్ అనే హెచ్చరిక పెట్టుకుంటే, విలువ లేని పేరు ఇఫ్‌లో కనబడ్డప్పుడల్లా చెబుతుంది. డిఫాల్టుగా అది ఆపి ఉంటుంది. కొత్త ప్రాజెక్టులో మొదటి రోజే దాన్ని పెట్టుకోవడం మేలు.

తెలుగు పేర్ల మాక్రోలు

పై ఉదాహరణలో నాగర్‌కర్నూల్‌ను అండర్‌స్కోర్‌తో విడగొట్టి రాయడానికి కారణముంది. మాక్రో పేర్లలో వాడదగిన అక్షరాల జాబితాలో తెలుగును సీ 99 అనుబంధంలోనే చేర్చారు. ఫైలులో నేరుగా తెలుగులో కొట్టిన పేర్లను జీసీసీ 2020లో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఒప్పుకుంటోంది, క్లాంగ్ అంతకు ముందే ఒప్పుకుంది. గద్వాల, వనపర్తి పేర్లకు ఏ పేచీ లేదు. నాగర్‌కర్నూల్‌లో ర పొల్లు పక్కన క ఉంది. రెండూ కలిసి ర్క అయిపోకుండా టైపు చేసేవాళ్లు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం కొడతారు. సీ 11 అక్షరాల జాబితా దాన్ని అనుమతించింది, సీ 23 తీసేసింది. సీ 11లో ఆ పేరును ఒకచోట ఆ అక్షరంతోనూ, ఇంకోచోట అది లేకుండానూ కొడితే ప్రీప్రాసెసర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ఒకదానికి 31 ఉంటుంది, రెండోది సున్నా. ఏ ఫాంటులో చూస్తున్నామన్నదాన్ని బట్టి ఆ తేడా కంటికి ఆనొచ్చు, ఆనకపోవచ్చు. సీ 23లో అయితే ఆ పేరు చెల్లదని కంపైలర్ గట్టిగానే చెబుతుంది. ఐత్వం గుర్తుకూ యూనికోడ్‌లో రెండు రూపాలున్నాయి: ఒకే అక్షరంగా ఒకటి, ఎత్వం గుర్తుకు కింది భాగం జోడించి ఇంకొకటి. హైదరాబాద్ అని రెండు రకాలుగానూ రాయొచ్చు, చూపుకు ఒకటే. పేర్లు ఎన్ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోనే ఉండాలని సీ 23 నియమం పెట్టింది కాబట్టి మొదటి రూపమే చెల్లుతుంది.

ఉందా అని అడగడం, ఎంత అని అడగడం

ఇఫ్‌డెఫ్ ఆదేశం మాక్రో విలువను చూడదు, నిర్వచనం ఉందో లేదో మాత్రమే చూస్తుంది. ‘డీబగ్’ మాక్రోకు 0 అని విలువ ఇచ్చి దాన్ని ఆపేశానని అనుకునేవాళ్లకు ఇది ఎదురు తిరుగుతుంది. ఇఫ్‌డెఫ్ దృష్టిలో సున్నా విలువున్న మాక్రో కూడా ఉన్నట్టే, ఆ కొమ్మ నెగ్గుతుంది. ఇఫ్ ఆదేశం దీనికి తలకిందులు: విలువ సున్నా అయినా, మాక్రో అసలు లేకపోయినా దానికి తేడా లేదు. ఇక విలువే లేకుండా ఖాళీగా నిర్వచించిన మాక్రోను ఇఫ్‌లో పెడితే పోల్చడానికి ఏమీ దొరక్క తప్పు చూపుతుంది. మైనస్ డీతో పేరు మాత్రమే ఇస్తే విలువ ఖాళీ కాదు, 1 వస్తుంది. ఒకే ప్రాజెక్టులో ఒకరు ఇఫ్‌డెఫ్ వాడి మరొకరు ఇఫ్ వాడితే, 0 అని ఇచ్చిన బిల్డ్‌లో సగం కోడు ఒక దారిన, మిగతా సగం ఇంకో దారిన పోతుంది. రెంటిలో ఏదో ఒకటే పట్టుకోవాలి. నా మొగ్గు ఇఫ్ వైపు, ప్రతి మాక్రోకూ 0 గానీ 1 గానీ తప్పకుండా ఇచ్చే పద్ధతి వైపు. అప్పుడే పైన చెప్పిన హెచ్చరిక పూర్తిగా పనికొస్తుంది.

ఏ కొమ్మ నెగ్గిందో తేల్చుకోవాలంటే జీసీసీని మైనస్ ఈతో నడిపి, ప్రీప్రాసెసర్ వదిలిన పాఠాన్ని చదవడం దగ్గరి దారి. దాంతో పాటు మైనస్ డీఎం కూడా ఇస్తే ఆ క్షణాన ఉన్న మాక్రోలన్నీ విలువలతో సహా జాబితాగా వస్తాయి.

ఎలా వచ్చింది

సీ భాష పుట్టినప్పుడు ప్రీప్రాసెసర్ లేదు. 1972, 73 ప్రాంతంలో అలన్ స్నైడర్ పట్టుబట్టడమూ, బీసీపీఎల్, పీఎల్ వన్ భాషల్లో వేరే ఫైళ్లను లోపలికి తెచ్చుకునే సదుపాయం ఉండడమూ దీనికి దారితీశాయని సీ భాషను రూపొందించిన డెన్నిస్ రిచీ రాశాడు. మొదట ఇన్‌క్లూడ్, ఆర్గ్యుమెంట్లు లేని డిఫైన్ మాత్రమే ఉండేవి. ఆర్గ్యుమెంట్లున్న మాక్రోలనూ, కండిషనల్ కంపైలేషన్‌నూ మైక్ లెస్క్, ఆయన తర్వాత జాన్ రైజర్ చేర్చారు. ఎలిఫ్, డిఫైన్డ్, ఎర్రర్ 1989 ఆన్సీ ప్రమాణంతో వచ్చాయి. అంతకు ముందు మూడు జిల్లాల వంటి ఎంపికకు ఇఫ్‌లో ఇఫ్, దానిలో ఇంకో ఇఫ్ పెట్టి, చివర్లో అన్ని ఎండిఫ్‌లూ లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది. ఎలిఫ్‌డెఫ్, వార్నింగ్ ఆదేశాలు ప్రమాణంలోకి ఎక్కడానికి సీ 23 దాకా ఆగాల్సి వచ్చింది.

వెర్షన్ అంకె పొంగినప్పుడు

విలువ షరతులు ఎక్కువగా కనబడేది వెర్షన్ల దగ్గర. 2011లో ఆర్డుయినో బోర్డుల సాఫ్ట్‌వేర్ 1.0 వెర్షన్ వచ్చినప్పుడు ముఖ్య హెడర్ ఫైలు పేరు మారింది. అప్పటి నుంచి లైబ్రరీలు ‘ఆర్డుయినో >= 100’ అని అడిగి కొత్త పేరో పాత పేరో ఎంచుకుంటూ వచ్చాయి. లైనక్స్ కెర్నల్ తన వెర్షన్‌లోని మూడు అంకెలను ఒకే సంఖ్యగా కూరుస్తుంది: మొదటి దాన్ని 65536తో, రెండో దాన్ని 256తో హెచ్చించి, మూడో దాన్ని కలుపుతుంది. మూడో అంకె 255 దాటదని ఆ ఏర్పాటు నమ్మకం. పాత వెర్షన్లకు మరమ్మతులు ఏళ్ల తరబడి సాగేసరికి 2021 ఫిబ్రవరిలో 4.4.256, 4.9.256 విడుదలయ్యాయి. లెక్క ప్రకారం 4.9.256 అంటే 4.10.0 అవుతుంది. 4.10లో వచ్చిన మార్పులు ఉన్నాయనుకుని డ్రైవర్లు తప్పు కొమ్మ పట్టే ప్రమాదం వచ్చింది. షరతుల కోసం లెక్కించే విలువలో మూడో అంకెను 255 దగ్గరే ఆపేసి కెర్నల్ వాళ్లు బయటపడ్డారు.

ఆ కెర్నల్‌లో ఎంపికలు పది వేలకు పైమాటే. ఒక్కొక్కటీ ఒక మాక్రో. వాళ్లు ఇఫ్‌డెఫ్‌లను ఫంక్షన్ల మధ్యలో చల్లడం ఇష్టపడరు. దానికి బదులు ‘ఈజ్ ఎనేబుల్డ్’ అనే మాక్రోను మామూలు ఇఫ్ వాక్యంలో వాడమంటారు. దాని లోపల ఒక గమ్మత్తు ఉంది. అడిగిన మాక్రో విలువను ఒక ముందే సిద్ధంచేసిన పేరు చివర అతికిస్తుంది. విలువ 1 అయితే ఏర్పడే పేరు నిజంగా ఉన్న మాక్రో, దాని విస్తరణలో ఒక కామా ఉంటుంది. ఆ కామా వల్ల ఆర్గ్యుమెంట్లు ఒక స్థానం పక్కకు జరిగి, రెండో స్థానంలోకి 1 వస్తుంది. మాక్రో లేకపోతే కామా పుట్టదు, రెండో స్థానంలో 0 ఉంటుంది. దీనివల్ల లేని మాక్రో కూడా సీ భాషకు తెలిసిన నికరమైన సున్నాగా అందుతుంది. కంపైలర్ రెండు కొమ్మలనూ చదివి తప్పులు పట్టి, అక్కర్లేని దాన్ని తర్వాత తానే తీసేస్తుంది.

ఎదురు వాదన

ఈ పద్ధతి మీద విమర్శ పాతదే. హెన్రీ స్పెన్సర్, జెఫ్ కాలియర్ 1992 యూజ్‌నిక్స్ సమావేశంలో ఇఫ్‌డెఫ్ హానికరమంటూ పేరులోనే చెప్పిన పత్రం ఇచ్చారు. సీ న్యూస్ అనే తమ సాఫ్ట్‌వేర్‌ను రకరకాల యూనిక్స్‌లకు అందించిన అనుభవంతో, తేడాలను కోడు మధ్యలో ఇరికించకుండా విడి ఫైళ్లలో ఉంచమన్నారు. లెక్క కూడా వాళ్ల పక్షానే ఉంది. ఉందా లేదా అన్న పది ఎంపికలుంటే 1024 వేర్వేరు ప్రోగ్రాములున్నట్టే, వాటిలో చాలావాటిని ఎవరూ ఒక్కసారి కూడా కంపైల్ చేసి ఉండరు.

అయినా అది ఆదుకున్న రోజులూ ఉన్నాయి. 2014 ఏప్రిల్ 7న ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, కొత్త వెర్షన్‌కు వెంటనే మారలేనివాళ్లు హార్ట్‌బీట్ సదుపాయాన్ని తీసేసే మాక్రోతో మళ్లీ కంపైల్ చేసుకోమని ఆ ప్రాజెక్టే చెప్పింది. పదేళ్ల తర్వాత, 2024 మార్చి 29న వెల్లడైన, ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ల కుదింపు సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టిన కుట్రలో ఇదే యంత్రాంగం దొంగకు ఉపయోగపడింది. ల్యాండ్‌లాక్ అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష కోడును కంపైల్ చేసి చూసేవారు, కంపైలయితేనే సంబంధిత మాక్రో ఏర్పడేది. ఆ పరీక్ష కోడులో ఒక చుక్క చేర్చారు. దాంతో అది ఎక్కడా కంపైల్ కాదు, మాక్రో ఏర్పడదు, ల్యాండ్‌లాక్ వాడే కోడు మొత్తం ఎవరికీ తెలియకుండా పక్కకు పోతుంది.

తెలుగు అక్షరాల వెనక

తెలుగును తెరమీద చూపించే సాఫ్ట్‌వేర్ కూడా ఈ షరతుల గుండానే తయారవుతుంది. ఫాంటు అక్షరాలను గీసే ఫ్రీటైప్ సీలో రాసినది. దాని ఆప్షన్ల హెడర్‌లో కొన్ని భారతీయ లిపుల గీతలను సరిదిద్దే భాగానికి విడిగా ఒక మాక్రో ఉంది. అది పనిచేయాలంటే చైనా, జపాన్, కొరియా లిపుల మాక్రో కూడా ఉండి తీరాలి. గుణింతాలనూ ఒత్తులనూ కూర్చే హార్ఫ్‌బజ్ సీ ప్లస్ ప్లస్‌లో రాసినదైనా ప్రీప్రాసెసర్ అదే. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ దీన్నే వాడతాయి. చిన్న పరికరాల్లో ఇమిడేందుకు ‘టైనీ’, ‘లీన్’ అనే మాక్రోలతో దాన్ని కుదించవచ్చు. అచ్చుల కూర్పును పరిశీలించే భాగాన్ని తీసేయడానికి మరో మాక్రో ఉంది. మామూలు బిల్డ్‌లో ఒ అచ్చుకు ఔత్వం గుర్తు తగిలిస్తే, అది సరైన కూర్పు కాదని తెలిపేలా మధ్యలో చుక్కల వలయం వస్తుంది. ఆ మాక్రోతో తయారైన బిల్డ్‌లో ఈ పరిశీలన ఉండదు కాబట్టి, రెండు అక్షరాల ఆ జోడీ ఫాంటును బట్టి అచ్చంగా ఔ లాగే కనబడొచ్చు. వెతుకులాటలో మాత్రం అది ఔగా దొరకదు.